తెల్లమచ్చ లెక్క

ఉదయగిరి మెట్టలో వానను నమ్ముకున్న సేద్యం, ఆత్మకూరు వైపు చెరువు కింద వరి. రొయ్యల సాగంటే ఇక్కడివాళ్లకు అదంతా సముద్రం ఒడ్డున ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వాళ్ల వ్యవహారం. కానీ ఆత్మకూరుకు దగ్గర్లో సోమశిల దగ్గర ఆగే పెన్న నీళ్లే సంగం, నెల్లూరు ఆనకట్టలు దాటి, పంటకాలువల్లోనూ మురుగుకాలువల్లోనూ పారి ఆ తీరానికే చేరతాయి. ఆ నీళ్ల చివరన జరిగిన కథ ఎగువవాళ్లకూ పనికొస్తుంది.

1994-95లో తూర్పు తీరమంతా టైగర్ రొయ్య చెరువులు వరసపెట్టి పోయాయి. కారణం తెల్లమచ్చ వైరస్. అది అంతకు రెండేళ్ల ముందే తైవాన్, చైనాలను దెబ్బతీసింది. జబ్బు సోకిన రొయ్యలు మేత మానేస్తాయి, నీరసంగా గట్టు అంచుకు చేరతాయి. అలాంటి ఒకదాన్ని పట్టి తల మీది పెంకు ఒలిచి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే లోపలి వైపు ఆవగింజంత తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. పెంకులో పేరుకున్న కాల్షియం లవణాలవి. చుక్కలు కనబడ్డాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం ఖాళీ కావచ్చు.

దీనికి మందు లేదు. మన ఒంట్లో ఒకసారి వచ్చిన వైరస్‌ను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారవుతాయి, టీకాలు పనిచేసేది అందుకే. రొయ్యకు యాంటీబాడీలే లేవు. కాబట్టి జబ్బు వచ్చాక చేసేది తక్కువ. రాకుండా చూసుకోవడం, వచ్చినా పాకకుండా చూసుకోవడం, ఈ రెండే దారులు. పాకడం దగ్గరే గణితం అక్కరకొస్తుంది.

ఆ గణితానికి తెలుగునేలతో సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్, ఆ తర్వాత ఏళ్ల తరబడి సమీకరణాలతో కుస్తీపట్టాడు. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, వాటి సంఖ్యను ఒక హద్దు కిందికి తెస్తే మలేరియా దానంతటదే తగ్గిపోతుందని లెక్కగట్టి చూపించాడు. నోబెల్ తెచ్చిన ఆవిష్కరణకు ఇదేమీ తీసిపోదని నా అభిప్రాయం. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు ఆ లెక్కను అన్ని అంటువ్యాధులకూ వర్తించేలా విస్తరించారు.

ఆ హద్దు ఏమిటో రొయ్యల చెరువులోనే చూద్దాం. జబ్బుపడ్డ ఒక రొయ్య సగటున మూడింటికి అంటిస్తుందనుకోండి. ఒకటి మూడవుతుంది, మూడు తొమ్మిది, తొమ్మిది ఇరవైయేడు. పదో విడతకు ఒక్క విడతలోనే 59 వేలు దాటుతాయి. అదే పది రొయ్యలు కలిసి తొమ్మిదింటికే అంటించగలిగితే, 100 జబ్బు రొయ్యలు 90 అవుతాయి, తర్వాత 81, ఆపైన 73. తేడా అంతా ఆ సగటు ఒకటికి పైన ఉందా, కింద ఉందా అన్నదాంట్లోనే ఉంది.

ఆ సగటును పెంచేవి ఏమిటి? మొదటిది కిక్కిరిసిన చెరువు. 2009లో మన దేశంలో సాగుకు అనుమతి వచ్చిన వనామీ రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్లలు దాటరాదని నిబంధన. అంటే ఎకరాకు దాదాపు 2.4 లక్షలు. సీడ్‌ను, అంటే చెరువులో వేసే పిల్లలను, సగానికి తగ్గిస్తే ఒక్కో జబ్బు రొయ్యకు ఎదురుపడే రొయ్యలూ దాదాపు సగమవుతాయి. రెండోది, చచ్చినదాన్ని బతికినవి పీక్కుతినడం. చచ్చినవాటిని వెంటవెంటనే ఏరేయడం సమీకరణంలో ఒక అంకెను తగ్గించడమే. మూడోది చలి. నీళ్లు 32 డిగ్రీలు దాటితే ఈ వైరస్ జోరు తగ్గుతుంది, చల్లబడితే విజృంభిస్తుంది. శీతాకాలపు పంట భయమంతా అక్కడే.

ఒక్క చెరువు లెక్క కాగితం మీద తేలుతుంది. వందల చెరువులు ఒకే కాలువ నుంచి నీళ్లు తోడుకుని, వాడిన నీళ్లు అందులోకే వదిలితే కంప్యూటర్ కావాలి. అనంతసాగరం, ఆత్మకూరు ప్రాంతాల వాళ్లకు గొలుసుకట్టు చెరువులు తెలుసు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి దిగుతాయి. రొయ్యల చెరువుల మధ్య జబ్బు దారీ అలాంటిదే. పరిశోధకులు చెరువును చుక్కగా, కాలువను గీతగా గీసి, ఏదో ఒక చుక్కలో జబ్బు పెట్టి వేలసార్లు నడిపిస్తారు. గాలివాటు, పీతలు, పక్షులు ఎటు మోసుకెళ్తాయో ముందే చెప్పలేం కాబట్టి ప్రతిసారీ ఫలితం వేరుగా వస్తుంది. అన్నిటినీ కలిపి చూస్తే ఎక్కువసార్లు జబ్బును దాటించిన గీతలు బయటపడతాయి. ముందు కట్టేయాల్సింది ఆ గీతలనే.

మంచినీటి రొయ్యకూ వైరస్ బెడద తప్పలేదు. తెల్లమచ్చ దెబ్బ తర్వాత నెల్లూరు రైతులు చాలామంది నీలకంఠ రొయ్యకు మళ్లారు. పెద్దయ్యాక ఇది మంచినీళ్లలో పెరుగుతుంది, పిల్లలకు మాత్రం ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకే హేచరీలు తీరం దగ్గర, చెరువులు లోపల. 1997లో కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో కనిపించిన తెల్లతోక జబ్బు కొన్నేళ్లకే ఇక్కడి హేచరీలకూ వచ్చింది. దాని వెనక రెండు వైరస్‌లున్నాయి. చిన్నదానికి తనంతట తాను పెరిగే శక్తి లేదు, పెద్దదాని ఎంజైమును వాడుకుంటుంది. ఈ జబ్బు ఎక్కువగా చంపేది సీడ్‌నే. పరీక్ష చేయించని సీడ్ ఒక్క లారీలో వస్తే చాలు, కాలువతో పనిలేకుండానే కొత్త ఊరికి గీత పడుతుంది.

ఇలాంటి గీతలను కట్టేయడం ఒక్కడి వల్ల కాదు. 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర ఒకే వాగు మీద ఆధారపడ్డ రైతులను సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) సంఘంగా కూర్చింది. అందరూ పరీక్షించిన సీడ్‌నే తేవడం, ఒకే సమయంలో వేయడం, చెరువుకు జబ్బు సోకిన రైతు దాచకుండా చెప్పడం ఆ పద్ధతి. ఇలాంటి సంఘాల కోసమే 2007లో జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం (నాక్సా) ఏర్పడింది. చెరువు పోయిన రైతుకు నీళ్లు వెంటనే వదిలేసి, మళ్లీ సీడ్ వేసుకోవాలనే ఆత్రం సహజం. ఆ నీళ్లకు బ్లీచింగ్ కొట్టి, వైరస్ చచ్చేదాకా గట్టు లోపలే నిలిపి, ఆ తర్వాతే కాలువలోకి వదలాలి. అందుకయ్యే ఖర్చు అతనిది, తప్పేది పక్క చెరువువాడి నష్టం. అందుకే ఆ ఖర్చులో సంఘం పాలు పంచుకోవాలి.