కుజగ్రహంపై గాలిదుమారం, ధ్రువాల హేమంతం

కుజగ్రహంపై రేగే ధూళిని తెలుగు పత్రికలు సాధారణంగా ‘తుఫాను’ అని రాస్తాయి. ఆ మాట వినగానే తీరప్రాంత పాఠకునికి కుండపోత వాన, కూలిన చెట్లు, ఎగిరిపోయిన పైకప్పులు తలపునకు వస్తాయి. కుజునిపై వాన లేదు. గాలికి అంతటి బలమూ లేదు. అక్కడి వాతావరణ పీడనం సగటున 6 మిల్లీబార్లు, అంటే భూమి మీది పీడనంలో నూరవ వంతు కన్న తక్కువ. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచినా ఆ గాలి మనిషికి పిల్లగాలిలాగే తోస్తుంది. అందుచేత, వేసవిలో మన పల్లెల్లో వినబడే ‘గాలిదుమారం’ అన్న మాటే ఇక్కడ తగినదని నా అభిప్రాయం. దాని వలన కలిగే హాని గాలి తాకిడిలో లేదు, వెలుతురు కరవుకావడంలో ఉంది.

2018లో దుమారం గ్రహమంతటినీ కమ్మివేసింది. 90 కుజదినాల పనికై పంపగా 2004 జనవరి నుండి పనిచేస్తూ వచ్చిన ఆపర్చునిటీ రోవర్ సూర్యరశ్మి మీద ఆధారపడినది. ఆ ఏడు జూన్ 10న దాని చివరి సంకేతం అందింది. ప్లుటోనియం వేడితో విద్యుత్తు పొందే క్యూరియాసిటీ మాత్రం అదే దుమారంలో పని సాగించింది. 1971 నవంబరులో మారినర్ 9 చేరేనాటికీ ఇదే స్థితి. ధూళిపైకి పొడుచుకువచ్చిన కొన్ని నల్లని మచ్చలే కనబడ్డాయి. అవి మహోన్నతమైన అగ్నిపర్వతాల శిఖరాలని తరువాత తెలిసింది. ధూళి అణగే వరకు ఆ నౌక కక్ష్యలోనే వేచి ఉండగలిగింది. సోవియట్ మార్స్ 3 దిగుడు నౌకకు ఆ వీలు లేకపోయింది. అది దిగిన రెండు నిమిషాలలోపే మూగబోయింది. కారణం నేటికీ తేలలేదు.

ఈ దుమారాలకు ఒక ఋతువు ఉంది. కుజుడు సూర్యునికి 20.7 కోట్ల కిలోమీటర్ల దాకా సమీపిస్తాడు, 24.9 కోట్ల కిలోమీటర్ల దాకా దూరమవుతాడు. సమీపించినపుడు సుమారు 45 శాతం ఎక్కువ ఎండ పడుతుంది. అది దక్షిణార్ధగోళంలో వసంతం ముగిసి వేసవి మొదలయ్యే కాలం. లేచిన ధూళి ఎండను పీల్చుకొని గాలిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలి మరింత ధూళిని లేపుతుంది.

ధ్రువాల సంగతి మరీ విచిత్రం. భూమిపై గాలిలోని తేమ మంచుగా మారుతుంది. అక్కడ గాలే మంచుగా మారుతుంది. కుజ వాతావరణంలో 95 శాతం బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడే. ధ్రువాల దీర్ఘరాత్రిలో చలి సున్నాకు దిగువన 125 డిగ్రీలకు చేరగా అది గడ్డకట్టి నేలకు చేరుతుంది. ఆ విధంగా వాతావరణంలో సుమారు నాలుగవ వంతు ధ్రువం మీద పేరుకుంటుంది. ధ్రువాలకు ఎంతో దూరాన, 1976లో దిగిన వైకింగ్ నౌకల పీడనమాపకాలలో సైతం ఈ తరుగుదల, తిరిగి పెరుగుదల స్పష్టంగా నమోదయ్యాయి. దక్షిణాన శీతకాలం సూర్యునికి దూరమైన కాలంలో వస్తుంది కనుక అది దీర్ఘం, మంచు విస్తారం.

వసంతంలో ఈ మంచు అంచుల వెంబడే చిన్న దుమారాలు తరచుగా పుడతాయి. దక్షిణ ధ్రువప్రాంతంలో ఎండ పారదర్శకమైన మంచుపలకను దాటి అడుగునేలను వేడెక్కిస్తుంది. అడుగున ఆవిరైన వాయువు పలకను చీల్చుకొని ధూళితో సహా పైకి చిమ్ముతుంది. ఆ ధూళి మంచు మీద విసనకర్ర ఆకారపు నల్లని మరకలుగా పడుతుంది. మంచు కరగకుండానే వాయువై పోయాక, నేలమీద సాలీడు కాళ్లవంటి చాళ్లు మిగులుతాయి.