ఇద్దరు తల్లుల ఇంట పెరిగిన బిడ్డలు

1970 ప్రాంతమున ఇంగ్లండులోను అమెరికాలోను, భర్తను విడిచి మరియొక స్త్రీతో జీవించుచున్న తల్లికి బిడ్డను అప్పగింపవచ్చునా యన్న ప్రశ్న న్యాయమూర్తుల యెదుటికి వచ్చినపుడు, వారు తఱచుగా ఇచ్చిన సమాధానము కూడదనియే. అట్టి యింట మగపిల్లవాడు మగవానివలెను, ఆడపిల్ల ఆడుదానివలెను ఎదుగజాలరనియు, తోడిపిల్లలు వారిని వెలివేయుదురనియు, వారి మనస్సు చెదరిపోవుననియు వాదింపబడెను. ఇందులకు నిదర్శనమేదని అడిగినను చూపుటకు పెద్దగా ఏమియు లేదు. ఏలయన, అప్పటికి అట్టి పిల్లలను దగ్గరకు పిలిచి పరీక్షించినవారే అరుదు.

ఈ కొఱత తీర్చుటకు పూనుకొన్నవారిలో ఇంగ్లండుకు చెందిన మనశ్శాస్త్రజ్ఞురాలు సూసన్ గోలంబాక్ ముఖ్యురాలు. ఆమె సహచరులతో కలిసి 1983లో ప్రకటించిన అధ్యయనమున నన్ను మిక్కిలి ఆకర్షించినది ఫలితము కంటె పోలికను ఎన్నుకొన్న తీరు. లెస్బియన్ తల్లుల పిల్లలను తలిదండ్రులిద్దరు నున్న ఇండ్ల పిల్లలతో పోల్చి చూచినచో, కనబడిన భేదము తల్లి యనురాగమువలన కలిగినదో, తండ్రి ఎడమగుటవలన కలిగినదో, వివాహభంగమువలన కలిగినదో తేల్చుట యెట్లు? అందుచేత 27 లెస్బియన్ తల్లుల కుటుంబములకు ఎదురుగా, భర్త తోడు లేక ఒంటరిగా బిడ్డలను పెంచుకొనుచున్న 27 మంది తల్లుల కుటుంబములను నిలిపిరి. ఉభయత్ర తండ్రి ఇంట లేడు. భేదమెల్ల తల్లి యెవరిని ప్రేమించుననునదియే. ఒకవైపు 37 మంది, వేఱొకవైపు 38 మంది పిల్లలు. తాము ఆడో మగో యను ఎఱుకలోను, ఆటలలోను, చెలిమిలోను న్యాయస్థానములు భయపడిన వికారమేదియు కానరాలేదు. ఆ పిల్లలు పెరిగి పెద్దవారైన పిదప మరల కలిసికొని మాటాడినపుడును వారిలో అత్యధికులు స్త్రీపురుష సంబంధమునే కోరువారని తేలెను.

అమెరికాలో నానెట్ గార్ట్రెల్ అను వైద్యురాలు 1986లో ఆరంభించిన అధ్యయనము వేఱు మార్గమున నడచినది. దాత వీర్యముతో గర్భము ధరించిన లెస్బియన్ స్త్రీలను బోస్టన్, వాషింగ్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములలో చేర్చుకొని, 84 కుటుంబముల పిల్లలను కడుపులో నున్ననాటి నుండి యౌవనము వఱకు వెన్నంటి చూచుట దాని పద్ధతి. 17వ యేట చదువులోను నలుగురితో మెలగుటలోను వీరు తమ యీడువారిని మించిరనియు, వీరిలో దుడుకుతనము తక్కువనియు తల్లుల మాటలనుబట్టి 2010లో ప్రకటించిరి. తల్లి నోట బిడ్డ చెడ్డవాడగుట ఎన్నడైన కలదా యని చదువరి నవ్వవచ్చును. అయితే పోలికకు తీసికొన్న పిల్లలను గూర్చి చెప్పినవారును వారి తలిదండ్రులే. 25వ యేట పిల్లలనే సూటిగా అడిగి 2018లో వెలువరించిన ఫలితమున ఆధిక్యము లేదు, లోపమును లేదు. మనఃస్వాస్థ్యమున వారు ఇతరులతో సమానులు. ఇక మిగిలిన ఆక్షేపణ బలమైనది: వీరందఱును స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారు, నగరవాసులు, సంఖ్యలో కొలదిమంది.

2012లో టెక్సస్ విశ్వవిద్యాలయపు సామాజిక శాస్త్రవేత్త మార్క్ రెగ్నెరస్ ఈ ఆక్షేపణను ఆధారము చేసికొని, దేశవ్యాప్తముగా దాదాపు మూడువేల మంది యువజనులను ప్రశ్నించి, స్వలింగానురాగము గల తలిదండ్రుల బిడ్డలు అనేక విషయములలో వెనుకబడి యున్నారని ప్రకటించెను. నమూనా పెద్దది, వాదము గంభీరము; కాని ఆ వర్గమున చేర్చినవారిలో మిక్కిలి మంది తల్లిగాని తండ్రిగాని ఎప్పుడో ఒకప్పుడు స్వలింగ సంబంధము నెరపిన, చీలిపోయిన కుటుంబముల పిల్లలు; పుట్టినది మొదలు ఇద్దరు తల్లులతోనే పెరిగినవారు వ్రేళ్ల మీద లెక్కింపదగినంతమందియు లేరు. వారిని చెక్కుచెదరని కాపురముల పిల్లలతో పోల్చుట, వానలు లేక ఎండిన మెట్టచేనును కాలువ క్రింది మాగాణితో పోల్చి విత్తనమును నిందించుట వంటిది. 2014లో మిషిగన్ రాష్ట్రమున వివాహహక్కు వ్యాజ్యమును విచారించిన న్యాయమూర్తి ఆయన సాక్ష్యమును బొత్తిగా నమ్మదగనిదని త్రోసివేసెను.

స్వచ్ఛందుల చిక్కును నిజముగా తప్పించినది నెదర్లాండ్సు. 2001లో లోకమున మొట్టమొదట స్వలింగ వివాహమును చట్టబద్ధము చేసిన ఆ దేశమున ప్రభుత్వ దస్తావేజులలో ప్రతి బిడ్డ చదువును నమోదై యుండును. 1998 మొదలు 2007 వఱకు పుట్టినవారిలో స్వలింగ దంపతుల యింట పెరిగిన 2,971 మందిని పది లక్షలకు పైబడిన ఇతర పిల్లలతో పోల్చి 2020లో ప్రకటించిన అధ్యయనమున, పుట్టుక మొదలు అట్టి యింట పెరిగినవారు ప్రాథమిక, మాధ్యమిక విద్యలు రెంటను కొంత ముందున్నట్లు తేలెను. ఇందు మహిమ యేమియు లేదు. స్వలింగ దంపతులకు బిడ్డ పొరపాటున కలుగడు. వ్యయప్రయాసలకోర్చి కోరి కనవలెను, లేదా దత్తత తీసికొనవలెను. అట్లు చేయగలవారు సామాన్యముగా కలిగినవారు, వయసు వచ్చినవారు. ఆ కలిమియే ఫలితమును కొంతవఱకు వివరించునని పరిశోధకులే ఒప్పుకొనిరి.

ఐనను బాధ లేకపోలేదు. డచ్చి పిల్లలను అమెరికను పిల్లలతో పోల్చిన 2008 నాటి అధ్యయనమున, డచ్చి పిల్లలు తమ యింటి సంగతి దాచక చెప్పుకొనుచు, తక్కువ హేళనకు గురియగుచు, మనోవ్యథలును తక్కువగా కలిగి యుండిరి. తల్లులు ఉభయత్ర ఒక్క తీరువారే, ఇరుగుపొరుగు వేఱు. నాటి న్యాయమూర్తుల భయములలో కొంత నిజమైనది ఇదియొక్కటే, దానికి కారణము ఇంటిలో లేదు, వీథిలో నున్నది.

మనదేశమున ఈ ప్రశ్న హైదరాబాదు వాసులైన సుప్రియో, అభయ్‌లు మొదలగువారు వేసిన వివాహహక్కు వ్యాజ్యముతో సుప్రీంకోర్టును చేరినది. 2023 అక్టోబరు 17న ఇచ్చిన తీర్పున, వివాహితులైన స్త్రీపురుషులే బిడ్డకు స్థిరత్వమును ఈయగలరని చూపు ఆధారమేదియు తమ ముందు లేదని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ వ్రాసెను. కాని అయిదుగురిలో ముగ్గురు దత్తత నియమమును కొట్టివేయుటకు అంగీకరింపలేదు. ఆ నియమము ప్రకారము దంపతులు దత్తతకు దరఖాస్తు పెట్టవలెనన్నచో రెండేండ్ల స్థిరమైన వైవాహిక జీవనము చూపవలెను. స్వలింగ జంటలో ఒక్కరు ఒంటరిగా బిడ్డను దత్తత చేసికొనవచ్చునుగాని, ఇద్దరును కలిసి తలిదండ్రులు కాజాలరు.