బోరు నీళ్ళా? చెరువు నీళ్ళా?



గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు విడిచిపోలేరని ఒక మాట ఉంది. మూసీనదిపై 1920లో కట్టిన ఉస్మాన్ సాగర్ చెరువే ఆ గండిపేట. మరి చెరువు నీళ్ళు మంచివా, పెరట్లోని బోరు నీళ్ళు మంచివా అంటే, ఒక్కొక్క సీసా పరీక్షకు పంపి తీర్పు చెప్పేస్తాం. అది తొందరపాటు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా అంటారేమో! మెతుకులన్నీ ఒకే ఎసట్లో ఉడుకుతాయి కనుక చాలు. నీళ్ళ సంగతి అలా కాదు. భూమిలోని నీరు రాళ్ళలోని లవణాలను కరిగించుకుంటుంది. కనుక ఈ ఇంటి బోరు వేరు, పక్కింటి బోరు వేరు. చెరువు నీరు వానాకాలం ఒకలా, ఎండాకాలం మరోలా ఉంటుంది. అందుచేత రెండు చోట్లా, రెండు కాలాల్లోనూ పలు నమూనాలు తీయాలి.

ఉదాహరణకు, అయిదేసి నమూనాల్లో కాఠిన్యం చూశామనుకోండి. లీటరుకు మిల్లీగ్రాముల్లో బోర్లవి 420, 440, 450, 460, 480, సగటు 450. చెరువువి 150, 160, 170, 180, 190, సగటు 170. బోర్లలో అతి చిన్న అంకె కూడా చెరువు అంకెలన్నిటికన్నా పెద్దదే. అంటే తేడా నిజమైనదే. పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం ఈ కాఠిన్యం వల్లే.

అదే నైట్రేటు బోర్లలో 20, 30, 40, 50, 60. చెరువులో 15, 25, 35, 45, 55 అనుకోండి. సగటులు 40, 35. తేడా అయిదే, అంకెలేమో కలగాపులగం. ఈ తేడా కాకతాళీయం కావచ్చు. కొద్ది నమూనాలతోనే ఇటువంటిది తేల్చే ‘టీ పరీక్ష’కు మూలమైన లెక్కను, డబ్లిన్‌లో బీరు కంపెనీ ఉద్యోగి గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రకటించాడు. మన కాఫీ, టీల పరీక్ష కాదు లెండి!

అయితే సగటునూ గుడ్డిగా నమ్మకండి. అయిదు బోర్లలో ఫ్లోరైడు 0.5, 0.5, 0.5, 0.5, 3.0 అయితే సగటు 1.0. భారత ప్రమాణం ప్రకారం 1.0 వరకు ఫరవాలేదు, 1.5 దాటకూడదు. సగటు చూసి అందరూ నిశ్చింతగా ఉంటే, అయిదో ఇంటి పిల్లల పళ్ళకు మచ్చలు పడతాయి. పోనుపోను ఎముకలకూ చేటే. నల్గొండ జిల్లా పల్లెలు పడిన బాధ ఇదే. నీళ్ళు కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. ఇగిరినకొద్దీ ఇంకా చిక్కనవుతుంది.

కనుక చెరువు నీళ్ళు కాచుకోండి. బోరు నీళ్ళయితే మీ బోరునే విడిగా పరీక్ష చేయించుకోండి. సగటు ఊరి సంగతి చెబుతుంది. మీ పిల్లవాడు తాగేది మీ బిందెలో నీళ్ళు.