ఆసఫ్ జాహీ పతాక: నేల, చరిత్ర, చిహ్నం

దక్కను పీఠభూమి మీద 1724 నుంచి 1948 దాకా ఆసఫ్ జాహీ వంశం ఏలిన హైదరాబాద్ సంస్థానం 82,698 చదరపు మైళ్ల మేర విస్తరించి, 1941 లెక్కల నాటికి కోటీ అరవై లక్షలకు పైగా జనంతో, జనసంఖ్యలో స్వదేశీ సంస్థానాలన్నిటిలోకీ పెద్దదిగా ఉండేది. ఆ రాజ్యపు నేలకూ, దాని పతాక మీది గుర్తుకూ నడుమ ఉన్న దూరాన్ని గమనిస్తే, ఆ పతాక ఎవరి పక్షాన ఎగిరిందో తెలుస్తుంది.

సంస్థానపు వాయవ్య భాగమైన మరాఠ్వాడా నల్లరాతి లావా పొరల మీద ఏర్పడిన నల్లరేగడి సీమ కాగా, తూర్పున ఉన్న తెలంగాణ గ్రానైటు గుట్టల, ఎర్ర చెల్కల సీమ. గోదావరి, మంజీర, కృష్ణ, మూసీ నదులు ఉన్నా, అవి లోతుగా పారడం వల్ల తెలంగాణ సేద్యం ప్రధానంగా చెరువుల మీదనే నిలిచింది. నేడు రాజీవ్ రహదారి మీద ఉన్న తూంకుంట, దాని పొరుగునున్న శామీర్‌పేట ప్రాంతాలలో ఆ భూస్వరూపం ఇప్పటికీ కనిపిస్తుంది: గుట్టల మీది వాననీరు పల్లానికి చేరగా కట్ట దాన్ని ఆపుతుంది, తూము పొలానికి వదులుతుంది, నిండగా మిగిలిన నీరు మత్తడి దూకి దిగువ చెరువుకు పోతుంది. నీరందే భూమిని తరి అనీ, వాన మీదనే ఆధారపడే భూమిని ఖుష్కీ అనీ పిలిచి శిస్తు కట్టేవారు. ఈ ప్రాంతపు మేడ్చల్ తాలూకా ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్ కిందిది, అంటే దాని రాబడి నిజాం సొంత ఖర్చుకు పోయేది.

మొగలు సేనాని నిజాముల్ముల్క్ 1724లో శకర్ ఖేడా యుద్ధంలో ముబారిజ్ ఖాన్‌ను ఓడించి ఈ రాజ్యానికి పునాది వేశాడు. అతని వారసులు ఉత్తర సర్కారులను, 1800లో రాయలసీమను ఆంగ్లేయులకు వదులుకోగా, రాజ్యానికి సముద్రతీరం లేకుండా పోయింది.

పసుపు వస్త్రం నడుమ తెల్లని వృత్తం ఆసఫ్ జాహీ పతాకకు ప్రధాన లక్షణం. ఆ వృత్తం కుల్చా, అంటే గుండ్రని రొట్టె; మొదటి ఆసఫ్ జా అయిన నిజాముల్ముల్క్‌కు సూఫీ గురువు నిజాముద్దీన్ ఔరంగాబాదీ పసుపు గుడ్డలో కుల్చాలు పెట్టి ఇచ్చాడనీ, ఆసఫ్ జా ఏడు తినగా అతని వంశంవారు ఏడు తరాలు ఏలుతారని గురువు దీవించాడనీ ఐతిహ్యం. ఆసఫ్ జా బిరుదుతో ఏలినవారు ఏడుగురే, అయితే మొదటి ఇద్దరి నడుమ ఏలిన నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్‌లను ఆ లెక్కలో కలపరు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు పతాక మీద ఘనత దేవునిదేనన్న అరబీ వాక్యంతో పాటు 'యా ఉస్మాన్' అన్న పలుకూ ఉండేది.

ఇలా ఆ పతాక వంశం పుట్టుకను, పాలకుని పేరును చెప్పింది గాని, దాదాపు సగం మంది తెలుగు, మిగిలినవారిలో అత్యధికులు మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే ప్రజలకు అందులో తావివ్వలేదు. ఆగ్నేయ ఐరోపాలో 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న, సముద్రతీరం లేని కొసొవో, తన నీలి పతాక మీద దేశపటాన్నీ, ఆరు ప్రధాన జాతులకు గుర్తులని చెప్పే ఆరు నక్షత్రాలనూ ఉంచడం దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి.

1947 ఆగస్టు 7న స్వామి రామానంద తీర్థ నాయకత్వాన హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ భారతదేశంలో చేరాలన్న ఉద్యమం మొదలుపెట్టగా, త్రివర్ణ పతాకను ఎగరేయడమే సంస్థానంలో ధిక్కారానికి గుర్తయింది. 1948 సెప్టెంబరు 17న నిజాం సైన్యం లొంగిపోయింది; 1956 నవంబరు 1న మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలు మైసూరుకు, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌కు చేరాయి. రెండు శతాబ్దాలకు పైగా ఒకే పతాక నీడన ఉన్న ప్రాంతాలు ఎనిమిదేళ్లకే భాష వెంట విడిపోవడాన్ని బట్టి, ప్రజలకు చోటివ్వని చిహ్నం ప్రజలను కలిపి ఉంచలేదని చెప్పవలసి ఉంటుంది.