బెరడు కింద జరిగే పని

సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్ల వరండాల్లో నడుస్తుంటే కుండీలో కరివేపాకు కనిపించిన గుమ్మం తెలుగువాళ్లదో, తమిళులదో అయి ఉంటుంది. ఆ మొక్కను పెంచడం తెలిసిన ఇల్లాలు కొన గిల్లేస్తుంది. గిల్లకపోతే అది ఒంటి కర్రలా పైకి పోతుంది. గిల్లితే పక్కల నుంచి రెమ్మలు తొడిగి గుబురవుతుంది.

దీని వెనక ఉన్నది ఆక్సిన్ అనే హార్మోను. కొన చిగురులో పుట్టి కిందికి దిగుతూ పక్క మొగ్గలను ఎదగనివ్వదు. కొన పోతే వాటికి దారి దొరుకుతుంది. మొక్క పొడవు పెరిగేది కూడా ఆ కొనల దగ్గరే. అక్కడ కణాలు ఎడతెగకుండా విభజన చెందుతుంటాయి, కొత్త కణాలు నీళ్లు పీల్చుకుని సాగుతాయి. వేరు కొసల్లోనూ ఇదే తంతు. అందుకే మానుకు నాలుగడుగుల ఎత్తులో కొట్టిన మేకు ఇరవై ఏళ్ల తర్వాత కూడా నాలుగడుగుల ఎత్తులోనే ఉంటుంది.

మరి లావెక్కేది? దానికి వేరే ఏర్పాటుంది.

బెరడుకూ కలపకూ మధ్య కేంబియం అనే పలచని కణాల పొర ఉంటుంది. అది లోపలి వైపు కలపను, బయటి వైపు బెరడు లోపలి పొరను తయారుచేస్తూ పోతుంది. వేళ్లు పీల్చిన నీళ్లు కలప గుండా పైకి వెళ్తాయి. ఆకులు వండిన చక్కెర బెరడు లోపలి పొర గుండా కిందికి దిగుతుంది. లోపల పాతబడిన కలప నీళ్లు మోయడం మానేశాక దాన్నే మనవాళ్లు చేవ అంటారు.

కేంబియం విలువను సింగపూర్‌కు రబ్బరు నేర్పింది. ఇప్పుడు ఫ్లాట్లు లేచిన సెంగ్‌కాంగ్ పరిసరాల్లో ఒకప్పుడు రబ్బరు తోటలుండేవి. 1877లో ఇంగ్లండ్‌లోని క్యూ తోట నుంచి రబ్బరు మొలకలు సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కు వచ్చాయి. 1888లో ఆ తోట బాధ్యత తీసుకున్న హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతిని రూపొందించాడు. రబ్బరు పాలు ఉండేది బెరడులోనే. కత్తి కేంబియం దాకా దిగకుండా బెరడును సన్నగా చెక్కితే పాలు కారతాయి, ఆ చోట బెరడు మళ్లీ పెరుగుతుంది. మలయా రబ్బరు తోటలకు కూలికి వెళ్లిన తెలుగువాళ్ల చేతి నేర్పంతా ఆ కొద్దిపాటి మందాన్ని వదలడంలోనే ఉండేది. రిడ్లీ పేరు చరిత్ర రాసుకుంది, వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా రాయలేదు.

అన్ని మొక్కలకూ కేంబియం ఉండదు. పుంగ్గోల్ జలాశయంపై 2010లో సెంగ్‌కాంగ్‌లో ప్రారంభించిన తేలియాడే చిత్తడి తోటలో జమ్ము లాంటి నీటి మొక్కలున్నాయి. ఆ జమ్ము, గడ్డిజాతి, వెదురు, కొబ్బరి, తాడి... ఇవన్నీ ఏకదళబీజాలు, వీటికి కేంబియం లేదు. వెదురు కొమ్ము నేలలోంచి వచ్చేటప్పుడే దాదాపు పూర్తి లావుతో వస్తుంది. కొబ్బరి మొదటి కొన్నేళ్లు పొడవు మాట పక్కనపెట్టి మొదలు వెడల్పు చేసుకుంటుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది. కొబ్బరి మాను ఎక్కడానికి కొట్టిన మెట్టు ఎన్నేళ్లయినా పూడదు.

కేంబియం ఉన్న చెట్టు వయసును కలపలోని వలయాలతో లెక్కపెట్టొచ్చని బడిలో చదువుకుంటాం. ఆదిలాబాద్ టేకులో అది నిజమే, వానలు లేని కాలంలో ఆకు రాల్చి పెరుగుదల ఆపుతుంది కాబట్టి. భూమధ్యరేఖకు ఆనుకుని ఏడాదంతా వానలు కురిసే సింగపూర్‌లో చాలా చెట్లకు ఆ విరామం ఉండదు, వలయాలు స్పష్టంగా పడవు.

మీ పెరట్లో చెట్టుకు బట్టలారేసే తీగ కట్టి ఉంటే ఒకసారి చూడండి. మాను లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగిపోతుంది, చక్కెర దారి మూసుకుపోతుంది, వేళ్లు పస్తులుంటాయి. ఏడాదికోసారి దాన్ని వదులు చేయండి, వీలైతే పూర్తిగా విప్పేయండి.