డాట్ ఇన్ పేరుకు ఫీజు ఎవరు పెడతారు?

పెద్దదోర్నాలలో ఒక మసీదు కమిటీ వెబ్‌సైట్ పెట్టుకుందనుకోండి. మార్కాపురంలో కంప్యూటర్ పని తెలిసిన కుర్రాడే డాట్ ఇన్ పేరు కొనిచ్చాడు. మొదటి ఏడు తక్కువలో అయిపోయింది. రెండో ఏడు రెట్టింపు పైనే అడిగాడు. ‘గవర్నమెంటు పెంచేసింది భాయ్’ అన్నాడు. నిజమేనా?

డాట్ ఇన్ పేర్ల చిట్టా ఉండేది నిక్సీ దగ్గర. అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. 2003 జూన్ 19న లాభాపేక్ష లేని కంపెనీగా నమోదైంది, కేంద్ర ఐటీ శాఖ కింద ఉంటుంది. లాభాపేక్ష లేదంటే ఫీజు లేదని కాదు. మసీదు ఫండ్ లాగే, మిగిలిన సొమ్మును ఎవరూ పంచుకోకూడదు, పెట్టుకున్న పనికే వాడాలి. దేశం లోపలి ఇంటర్నెట్ ట్రాఫిక్ విదేశాలు చుట్టి రాకుండా ఇక్కడే మార్పిడి చేయడం దాని మొదటి పని. 2005లో డాట్ ఇన్ అందరికీ తెరిచారు. 2012 నుంచి ఐపీ అడ్రసులూ ఇస్తోంది; అవి ఎక్కువగా నెట్ కనెక్షన్లిచ్చే కంపెనీలకు, మనలాంటి మామూలు వాడకందార్లకు కాదు.

ఇక ఫీజు. నిక్సీ మనకు నేరుగా అమ్మదు. రిజిస్ట్రార్లనే కంపెనీలకు పేరుకింత అని హోల్‌సేల్ ధర కడుతుంది. వాళ్లు తమ లాభం, జీఎస్టీ కలిపి మనకు అమ్ముతారు. మొదటి ఏడు డిస్కౌంటు, రెన్యూవల్‌కు అసలు రేటు అన్నది చాలామంది రిజిస్ట్రార్ల పద్ధతి. కాబట్టి కుర్రాడి మాట నమ్మే ముందు రిజిస్ట్రార్ సైట్లో రెన్యూవల్ రేటు చూడాలి. నచ్చకపోతే పేరు మార్చకుండానే వేరే రిజిస్ట్రార్‌కు మారిపోవచ్చు. ఒకేసారి పదేళ్ల వరకూ కట్టుకోవచ్చు కూడా.

ధర కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పేరు ఎవరి పేరిట, ఏ ఈమెయిల్‌తో నమోదైంది? కుర్రాడి పేరు, ఈమెయిలే ఉంటే, రిజిస్ట్రీ లెక్కలో హక్కుదారు కమిటీ కాదు. అతను గల్ఫ్ వెళ్లిపోతే రెన్యూవల్ నోటీసులు కూడా అక్కడికే పోతాయి. పేరు మీద తగాదా వస్తే నిక్సీ స్వయంగా తీర్పు చెప్పదు. దాని వివాద పరిష్కార విధానం కింద ఫిర్యాదు చేసి, ఖర్చు కట్టుకుంటే మధ్యవర్తి తేలుస్తాడు. ఆ దారి చిన్న కమిటీకి భారమే. ఈమెయిల్, పాస్‌వర్డ్ ముందే కమిటీ చేతిలోకి తీసుకుంటే ఖర్చేమీ లేదు.

అన్నట్టు, పేరు ఇంగ్లీషులోనే ఉండక్కర్లేదు. చివర ‘భారత్’ అని తెలుగు లిపిలోనూ, ఉర్దూ లిపిలోనూ ఉండే పేర్లు కూడా నిక్సీవే. అయితే వాటిని అన్ని రిజిస్ట్రార్లూ అమ్మరు, అడిగి చూడాలి.