వేలం పాటలో వైద్యం!

పరీక్షల రిపోర్టులు చేతికొచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు. నాన్నకు వచ్చిన జబ్బు పేరేదో కాగితం మీద ఇంగ్లిషులో ఉంటుంది. కొడుకో కూతురో ఫోన్ తీసి ఆ పేరు కొడతారు. రెప్పపాటులో తెర నిండా జవాబులు. అన్నిటికన్నా పైన ఓ ఆసుపత్రి పేరు, దాని కిందే ఫోన్ నంబరు, 'అధునాతన చికిత్స' అనే భరోసా. 'ఇన్నింటిలో మొదట ఇదే వచ్చిందంటే మంచి ఆసుపత్రే అయ్యుంటుంది' అనుకుంటారు ఇంట్లోవాళ్లు.

కానీ ఆ చోటు మంచి ఆసుపత్రికని ఎవరూ కేటాయించింది కాదు. చాలాసార్లు వేలంలో పాడుకున్నది!

అలా నమ్మి మోసపోయిన ఓ చైనా కుటుంబం కథ పదేళ్ల కిందట ఆ దేశాన్ని కుదిపేసింది.

ఒక్కగానొక్క కొడుకు

వెయ్ జెషీ షాన్షీ రాష్ట్రం కుర్రాడు. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం. షియాన్ నగరంలో కంప్యూటర్ సైన్స్ చదువుతుండగా 2014లో సైనోవియల్ సార్కోమా బయటపడింది. మెత్తటి కణజాలంలో పుట్టే అరుదైన క్యాన్సర్ అది. ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్... అన్నీ అయ్యాయి. ఇక లాభం లేదని పెద్ద పెద్ద డాక్టర్లు పెదవి విరిచారు. కన్నవాళ్లు ఊరుకోగలరా?

చైనావాళ్ల గూగుల్ అనదగ్గ 'బైడూ'లో వెతికారు. పైనే కనిపించింది బీజింగ్‌లోని ఓ ఆసుపత్రి. అదీ సాయుధ పోలీసు దళం వారిది. అక్కడి డాక్టరు ప్రభుత్వ టీవీలో కూడా కనిపించాడు. తమ వైద్యం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారిదని చెప్పుకున్నారు. ఇంతకంటే ఏం కావాలి! రోగి ఒంట్లోంచి రోగనిరోధక కణాలు తీసి, బయట పెంచి, మళ్లీ ఎక్కించడమే ఆ చికిత్స. నాలుగు విడతలు చేశారు. రెండు లక్షల యువాన్లకు పైగా ఖర్చయింది. అప్పటి లెక్కలో దాదాపు 20 లక్షల రూపాయలు. బంధువుల దగ్గరా స్నేహితుల దగ్గరా అప్పులు చేసి కట్టారు. క్యాన్సర్ మాత్రం ఊపిరితిత్తులకు పాకింది.

అమెరికాలో ఉంటున్న ఓ చైనా విద్యార్థి ఆరాతీస్తే అసలు సంగతి తెలిసింది. అంతగా పనిచెయ్యదని తేలి, అక్కడ ప్రయోగాల దశలోనే పక్కన పెట్టేసిన పద్ధతి అది. 2016 ఫిబ్రవరిలో, మనిషి స్వభావంలో అన్నిటికన్నా పెద్ద చెడుగు ఏమిటని ఓ వెబ్‌సైట్లో ఎవరో అడిగితే, జెషీ తన కథే జవాబుగా రాశాడు. ఆ ఏడాది ఏప్రిల్ 12న కన్నుమూశాడు. అప్పటికి 21 ఏళ్లు. ఉదయం 8.17కు తమ బిడ్డ వెళ్లిపోయాడనీ, వాడి మీద ఆదరణ చూపినవారందరికీ కృతజ్ఞతలనీ తండ్రి అదే చోట రాశాడు.

దేశం భగ్గుమంది. మే 2న ప్రభుత్వం దర్యాప్తు మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి తేలిందేమంటే, ఆసుపత్రిలోని ఆ విభాగాన్ని నడుపుతున్నది బయటి ప్రైవేటు కంపెనీ. బోర్డు మాత్రమే పోలీసులది! ఒక పేజీలో డబ్బు తీసుకున్న ప్రకటనలు 30 శాతానికి మించకూడదనీ, అవి ప్రకటనలేనని కొట్టొచ్చినట్టు రాయాలనీ, డబ్బు లెక్కనే వరస పేర్చవద్దనీ బైడూకి తాఖీదు అందింది. మోసపోయినవారి కోసం వంద కోట్ల యువాన్ల నిధి పెడతానని ఆ సంస్థ ప్రకటించింది.

కరెంటు స్తంభం నుంచి కంప్యూటర్ దాకా

ఆ గొడవలోనే పుతియన్ అనే ఊరి పేరు మారుమోగింది. ఫూజియన్ రాష్ట్రంలోని ఈ ప్రాంతం నుంచి 1980ల్లో కొందరు గజ్జిమందు పట్టుకుని ఊరూరా తిరిగేవారు. కరెంటు స్తంభాలకు కాగితాలు అంటించి గిరాకీ తెచ్చుకునేవారు. మన దగ్గర బస్టాండు గోడల మీద మొలలకూ సుఖవ్యాధులకూ రాసే ప్రకటనలు, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో వైద్యులు దొరుకుతారనే కరపత్రాలు గుర్తొస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఆ గజ్జిమందు వాళ్లూ వాళ్ల బంధువులే తర్వాత దేశమంతా ప్రైవేటు ఆసుపత్రులు తెరిచారు. బైడూకి వాళ్లంత పెద్ద గిరాకీ మరొకరు లేరనేవారు. రేట్లు భరించలేక 2015లో బైడూలో ప్రకటనలు ఆపేయాలని వాళ్ల సంఘమే పిలుపునిచ్చింది!

పాట ఎలా జరుగుతుంది?

'మోకీలు మార్పిడి', 'పిల్లలు పుట్టడం లేదు', 'పైల్స్‌కి లేజర్'... ఒక్కో మాటకీ ఒక్కో పాట. ఎవరైనా ఆ మాట కొట్టిన ప్రతిసారీ కంప్యూటర్లే క్షణంలో వేలం ముగిస్తాయి. ప్రకటన కనబడినంత మాత్రాన ఆసుపత్రి పైసా ఇవ్వక్కర్లేదు. దానిమీద నొక్కితేనే డబ్బు. 1998లో అమెరికాలో గోటూ.కామ్ అనే సంస్థ తెచ్చిన పద్ధతిది. 2000లో గూగుల్ తన యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టింది. 2002 నుంచి పాట మొత్తంతోపాటు జనం ఆ ప్రకటనను ఎంతగా నొక్కుతున్నారో కూడా లెక్కలోకి తీసుకుంది. తర్వాత తర్వాత ప్రకటన నాణ్యత, అది తీసుకెళ్లే పేజీ బాగోగులు కూడా చేరాయి. ఇన్ని లెక్కల్లోనూ లేనిది ఒకటే... ఆ ఆసుపత్రిలో ఎంతమందికి నయమైందన్నది.

చిన్న లెక్క వేసి చూడండి. నొక్కుకి వంద రూపాయలనుకుందాం. వందమంది నొక్కితే పదిమంది ఫోన్ చేసి, చివరికి ఒక్కరు చేరారనుకుందాం. అంటే ఒక్క రోగిని రప్పించడానికి 10,000 రూపాయలు. 300 ఫీజు తీసుకుని జ్వరానికి మందు రాసే డాక్టరు ఈ పాటలో నిలబడగలడా? లక్షల ఆపరేషన్ చేసేవారికి మాత్రం అదో ఖర్చే కాదు. పాట పెరిగేది రోగి దగ్గర ఎక్కువ వసూలయ్యే చోట. పేరున్న ఆసుపత్రులకూ ఇది తప్పడం లేదు. వాటి పేరు కొట్టినా పైన పోటీ ఆసుపత్రి ప్రకటన రావచ్చు మరి. తన పేరును తానే పాడుకోవాల్సిన చిత్రమైన పరిస్థితి!

చైనా ఒక్కటే కాదు. చట్టవిరుద్ధంగా మందులు పంపే కెనడా ఆన్‌లైన్ మందుల షాపుల ప్రకటనలు వేసినందుకు 2011లో గూగుల్ అమెరికా ప్రభుత్వానికి 50 కోట్ల డాలర్లు కట్టుకుంది. తాగుడు, మత్తుమందులు మాన్పించే కేంద్రాల ప్రకటనల వెనక దళారులున్నారని తేలడంతో 2017లో అమెరికాలో వాటిని కట్టడి చేసింది. రుజువుకాని మూలకణ చికిత్సల ప్రకటనలు వద్దని 2019లో ప్రకటించింది. ఒక్కోసారి ఒక్కో దెబ్బ తగిలాకే ఒక్కో తలుపు మూశారన్నమాట.

మన దగ్గరో?

పుట్టబోయేది ఆడో మగో చెబుతామనే ప్రకటనలను 1994 నాటి చట్టంలోని 22వ సెక్షన్ నిషేధిస్తోంది. అయినా వెతుకులాట పేజీల్లో కనిపిస్తున్నాయంటూ డాక్టర్ సాబూ మాథ్యూ జార్జ్ 2008లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఫిర్యాదు అందిన 36 గంటల్లో అలాంటివి తీసేయాలని 2016లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్‌లను కోర్టు ఆదేశించింది. దానికి ఎనిమిదేళ్లు పట్టింది!

ఇక డాక్టర్లు రోగులను పిలుచుకోకూడదని వైద్యమండలి 2002 నిబంధనలే చెబుతున్నాయి. కొత్తగా ప్రాక్టీసు పెట్టడం, చిరునామా మారడం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం పత్రికలో తెలపొచ్చు. ఆ నిబంధనలో సంస్థల ప్రస్తావన కూడా ఉంది. కానీ మండలి చెయ్యి రిజిస్టరైన డాక్టర్ల వరకే. హోర్డింగ్ అయినా, ఫోన్ తెర అయినా కార్పొరేట్ ఆసుపత్రులు దర్జాగా వాడుకుంటున్నది అందుకే.

పైవరసలో 'స్పాన్సర్డ్' అన్న మాట చిన్నగా ఉంటుంది. అది చూసి కిందికి జరిపితే వేలంతో పనిలేని జవాబులు మొదలవుతాయి. అక్కడా ముందుకు రావడానికి ఆసుపత్రులు తంటాలు పడతాయనుకోండి, కానీ నొక్కుకి ఇంతని చెల్లించి కొనుక్కునే చోటు కాదది. ప్రకటనలోని నంబరుకే ఫోన్ చేస్తే, ఎత్తింది ఆసుపత్రి మనిషో మధ్యవర్తో ముందు అడగాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని రాష్ట్ర వైద్యమండలిలో సరిచూడాలి. 'కొత్త చికిత్స' అంటే, ప్రయోగదశలో ఉందా లేదా కాగితం మీద రాసిమ్మనాలి.

క్యాన్సరే అయితే డబ్బు కట్టేముందు హైదరాబాద్‌లో ఎంఎన్‌జేకో నిమ్స్‌కో, విశాఖలో హోమీ బాబా ఆసుపత్రికో ఆ రిపోర్టులు పట్టుకెళ్లి ఇంకో మాట అడగొచ్చు. వీటి పేర్లు ఆ పైవరసలో కనిపించకపోవచ్చు. పొద్దున్నే ఓపీ చీటీ కోసం నిలబడే వరస చూస్తే ఎందుకో తెలుస్తుంది.